తిమింగలానికి ఏకాంత సేవ ఎప్పుడు?

పోయిన నెలలో చిత్తూరు నుంచి ఒక ఫోను. తోటలు గుత్తకు తీసుకుని గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయ తోలే ఆసామి, పదేళ్లుగా నాకు తెలిసిన పార్టీ. బాగున్నావా అని కూడా అడక్కుండా మొదలుపెట్టాడు.

"ఏమన్నా, శ్రీలంకలో తిమింగలాలు చూపించే పడవలుండాయంట కదా. పెద్ద పడవ కాదు, కాటమరాన్ అంట. పదిమందికంటే ఎక్కించరంట. మనిషికెంత పడతాది?"

చెప్పాను. కాసేపు అవతల ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"అంత దుడ్లు పెట్టి పోతే కనపడతాదా? కనపడకపోతే వాపసిస్తారా?"

ఇలాంటప్పుడు "గ్యారంటీ అన్నా" అనేయడం మా వ్యాపారంలో ఆనవాయితీ. నాలుగైదేళ్లు నేనూ అన్నాను. ఈసారి నోరు రాలేదు. "టోకెను పట్టుకుని నిలబడితే ఎప్పటికైనా కనపడేదానికి అది సామి దర్శనం కాదబ్బా" అన్నాను. ఆయన నవ్వి పెట్టేశాడు. పార్టీ పోయిందనే అనుకున్నా. ఎందుకలా అన్నానో ఆయనకు ఫోనులో చెప్పే ఓపిక నాకూ లేదు, వినే ఓపిక ఆయనకూ లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నా.

తిరుపతిలో బస్టాండుకు దగ్గర్లో నాదో చిన్న ట్రావెల్స్ ఆఫీసు. "కాణిపాకం, శ్రీకాళహస్తి, శ్రీపురం - ఒక్కరోజు ప్యాకేజీ" అన్న బోర్డు రంగు వెలిసిపోయి ఇంకా అట్లాగే ఉంది. కొండకొచ్చినవాళ్లను తిప్పడంతో బతుకు మొదలైంది. ఇప్పుడు ఊళ్లోవాళ్లే బయటికి పోతామంటున్నారు. చెన్నైకి కారులో మూడున్నర గంటలు, అక్కణ్నుంచి కొలంబోకు గంటన్నర విమానం. హైదరాబాద్ బస్సులో పడి ఉండే రాత్రికంటే తక్కువ టైములో వేరే దేశంలో దిగిపోతారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట వైపు మాతో కలిసి, తిరుపతి జిల్లాకు పులికాట్ సరస్సూ సముద్రమూ వచ్చిపడ్డాయి. కాగితం మీద మేమిప్పుడు తీరప్రాంతం వాళ్లం. మనసులో మాత్రం నీళ్లంటే మాకు పుష్కరిణి, కపిలతీర్థం, కల్యాణి డ్యామే.

కాటమరాన్ అనగానే అదేదో తెల్లోళ్ల పడవ అనుకుంటారు మావాళ్లు. ఇంట్లో సగం అరవం మాట్లాడే చిత్తూరోళ్లు కూడా గుర్తుపట్టరు. కట్టు మరం. కట్టిన మాను. నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్లతో బిగిస్తే అయిపోయింది. మన కోస్తాలో దాన్నే తెప్ప అంటారు. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు కోరమాండల్ తీరంలో ఈ తెప్పల సంగతి 1697లో అచ్చయిన తన యాత్రా కథనంలో రాశాడు. ఆ పేరు అట్లా ఓడెక్కి పోయి, రెండు డొప్పలు పక్కపక్కన ఉండి వాటిమీద బల్ల పరిచిన వేరే రకం పడవకు అంటుకుంది. రెండు డొప్పల పనితనం పసిఫిక్ దీవుల వాళ్లది, పేరు మనది. 1876లో అమెరికాలో హెరెషాఫ్ అనే ఆయన అలాంటిదొకటి కట్టి న్యూయార్క్ పందెంలో అందరినీ ఓడిస్తే, ఆ తర్వాత పందేలకు ఆ రకం పడవనే రానివ్వలేదట. గెలిచినవాణ్ని వెలివేయడం అక్కడా ఉంది.

నేను చెప్పబోయేదానికి ఈ తెప్ప అవసరం. తిరుమలలో తెప్పోత్సవం ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా ఐదు రోజులు చేస్తారు. పుష్కరిణి మధ్యన ఉన్న నీరాళి మండపం చుట్టూ తెప్ప తిరుగుతుంది, చివరిరోజు ఏడు చుట్లు. చిన్నప్పుడు మా అమ్మ మమ్మల్ని మెట్లమీద కూర్చోబెట్టి "కదలొద్దు, సామే వస్తాడు" అనేది. నిజంగానే వచ్చేవాడు. దీపాలతో, నాదస్వరంతో, నడిచేవాడికంటే నిదానంగా. మన ముందుకొచ్చినప్పుడు దండం పెట్టుకోవడం, అవతలికి పోయినప్పుడు ఊరుకోవడం. ఎవరూ లేచి నీళ్లలోకి దూకి తెప్ప వెంట ఈదరు.

సముద్రంలో నేను చూసింది సరిగ్గా దానికి ఎదురు.

మొదటిసారి మిరిస్సా వెళ్లినప్పుడు మా ఊరివాళ్లు 22 మంది. శ్రీలంక దక్షిణ కొసలో ఉంటుందా ఊరు. అక్కడ ఒడ్డునుంచి కొద్ది దూరంలోనే సముద్రం ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. అందుకే నీలి తిమింగలం ఒడ్డుకు అంత దగ్గరగా దొరుకుతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజను. ఆ తర్వాత నైరుతి గాలులకు అటువైపు సముద్రం ఒప్పుకోదు, జనం తూర్పున ఉన్న ట్రింకోమలీకి మళ్లుతారు. రెండంతస్తుల పడవ, మాతో కలిపి డెబ్బై మంది దాకా ఎక్కారు. పొద్దున ఆరున్నరకు బయల్దేరితే ఏడున్నరకల్లా మా పెద్దమ్మ పులిహోర పొట్లం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అల్లం మురబ్బా పంచాను. సగంమందికి అదీ నిలవలేదు.

ఎనిమిదిన్నరకు దూరంగా ఆవిరి లేచింది. చూస్తూండగానే ఇంకోసారి, దగ్గర్లో. ఆ చప్పుడు ఎట్లా ఉంటుందంటే, ఘాట్ రోడ్డు మలుపులో సప్తగిరి బస్సు ఆగి ఎయిర్ బ్రేకు వదిలినట్టు. రెండు మూడు ఇళ్ల ఎత్తుకు లేచింది నీటి పొగ. తర్వాత వీపు. అది అయిపోదు. నల్లగా నీలంగా జారుతూనే ఉంటుంది, ఇంకా ఉంది, ఇంకా ఉంది. ఎప్పటికో చివర్లో చిన్న వీపు రెక్క. అప్పుడు తోక లేచింది. నీళ్లు ధారలుగా కారుతూ ఒక్క క్షణం నిలబడి, చప్పుడు లేకుండా దిగిపోయింది. మా 22 మందీ ఒక్కసారి "గోవిందా గోవింద" అన్నారు. ఎవరూ చెప్పలేదు, నోటినుంచి వచ్చేసింది. పక్కనున్న జర్మనీ దంపతులు కూడా రెండోసారికి గొంతు కలిపారు.

తోక దిగినచోట నీళ్లమీద నూనె పోసినట్టు ఒక నున్నటి గుండ్రటి మచ్చ మిగులుతుంది. చుట్టూ అలలు ఆడుతున్నా ఆ మచ్చ కాసేపు కదలదు. దాన్ని తిమింగలం అడుగుజాడ అంటారు. నాకు నారాయణగిరి మీది శ్రీవారి పాదాలు గుర్తొచ్చాయి. చూడవలసింది అక్కడితో చూసేశామనిపించింది.

అప్పుడు తలెత్తి లెక్కపెట్టాను. పద్నాలుగు పడవలు. మేము చూసిన ఆవిరిని అందరూ చూశారు, చూడనివాళ్లకు రేడియోలో తెలిసింది. తిమింగలం ఎక్కడ లేస్తుందో అంచనా వేసుకుని ఒక్కో పడవ ఒక్కో దిక్కున కాచుకుని ఉంది. కొంతసేపటికి అరమైలు దూరాన అది లేవగానే పద్నాలుగు ఇంజన్లూ ఒక్కసారి గర్జించాయి. డీజిలు పొగ మా ముఖాలకు కొట్టింది. ఈసారి అది రెండే రెండు ఊపిర్లు తీసుకుని మునిగింది. మళ్లీ పరుగు. మూడోసారి తోక కూడా చూపించలేదు. మా పెద్దమ్మ కళ్లు తెరిచి, "దాన్ని ఊపిరి పీల్చుకోనీరా ఏం?" అంది. అప్పటికి నాకది ముసలావిడ చాదస్తంగానే వినపడింది.

తిరిగొచ్చాక నేను చేసిన పని, తప్పంతా పెద్ద పడవదని తేల్చుకోవడం. డెబ్బై మంది, రెండంతస్తులు, ఒక పక్కకే ఒరిగే జనం, కేకలు. మరుసటి ఏడాది పదిమంది ఎక్కే కాటమరాన్ బుక్ చేశాను, మనిషికి మూడింతల రేటు. కరపత్రంలో "ప్రశాంతమైన, ప్రకృతికి హాని లేని యాత్ర" అని వేయించాను. ఆ మాటలు నావే, ఎవరిమీదా తోయను.

ఏం జరిగిందంటే, ఆ కాటమరాన్‌కు డొప్పకొక ఇంజను, మొత్తం రెండు. తేలిక పడవ, నీళ్లలో లోతుగా దిగదు, ఊపు తక్కువ. ఎవరికీ వాంతులు కాలేదు, ఆ సుఖం నిజమే. కానీ తేలిక కాబట్టే వేగం. ఆవిరి లేవగానే అందరికంటే ముందు మేమే చేరాం. అందరికంటే దగ్గరగా కూడా మేమే. ఎక్కువ డబ్బు తీసుకున్నాడు కాబట్టి ఎక్కువ దగ్గరగా చూపించాలని ఆ నడిపే అబ్బాయి తాపత్రయం. వాడి యజమాని ఎవరో, ఏ పడవో చెప్పను. వాణ్ని అలా తయారుచేసింది నాలాంటి బుకింగ్ ఏజెంట్లే.

లెక్క చూడండి. ఎనభై మంది ఒక పడవలో పోతే తిమింగలానికి ఒక పడవ. ఎనభై మంది ఎనిమిదేసి చొప్పున పోతే పది పడవలు, ఇరవై ఇంజన్లు. మనకు ప్రశాంతత, దానికి పది రెట్ల రభస. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది, గాలిలోకంటే నాలుగు రెట్లు పైనే. తిమింగలం కంటితో బతికే జంతువు కాదు, చెవితో బతికేది. పదిమందే ఉన్న పడవ అన్నది మన చెవులకు మాత్రమే చిన్న పడవ.

కొండమీద ఇంత జనాన్ని పంపే ఊళ్లో ఉండి ఈ లెక్క నాకు ముందే తట్టకపోవడం సిగ్గు. దూరాన్ని బట్టి లఘు దర్శనం, మహాలఘు దర్శనం అని పేర్లు పెట్టుకున్నవాళ్లం. రద్దీ పెరిగితే జనాన్ని జయవిజయుల దగ్గరే ఆపి ముందుకు పంపేస్తారు. ఎవరికెంత ఇష్టమున్నా, 300 రూపాయల టికెట్టయినా, సర్వదర్శనమయినా. లోపలికి ఎంతమందిని వదలాలి అన్నది గర్భగుడి వైపునుంచి నిర్ణయిస్తారు, వరుస వైపునుంచి కాదు. సముద్రంలోనూ అదే కావాలి. న్యూజిలాండ్‌లో 1992 నుంచీ అలాంటి నిబంధన ఉంది: తిమింగలానికో డాల్ఫిన్‌కో 300 మీటర్ల లోపల ఏ సమయంలోనూ మూడు పడవలకు మించి ఉండకూడదు. పడవలో ఎంతమంది అని వాళ్లు అడగలేదు, పక్కన ఎన్ని పడవలు అని అడిగారు. నాకు కావలసిన ప్రశ్న అదే.

ఇప్పుడు గ్యారంటీ దగ్గరికి వస్తా. "కనపడకపోతే డబ్బు వాపసు" అని గోవాలో డాల్ఫిన్ పడవల దగ్గర ఎన్నేళ్లుగానో వింటున్న మాటే. వినడానికి నిజాయితీగా ఉంటుంది. నడిపేవాడి వైపునుంచి చూడండి. ఉదయం మూడు గంటలు డీజిలు కాల్చాడు, ఏమీ లేవలేదు, వెనక్కి పోతే చేతినుంచి పెట్టుకోవాలి. అలాంటప్పుడు దూరంగా ఒక వీపు కనపడితే వంద మీటర్ల అవతల ఆగుతాడా? పోయి మీద పడతాడు. మన డబ్బు భద్రంగా ఉండటానికి ఖర్చు జంతువు చేత పెట్టిస్తున్నాం.

ఇక్కడ నాకు ఎదురు తిరిగే ఉదాహరణ ఒకటుంది, దాచను. అదే న్యూజిలాండ్‌లో కైకోరా అనే ఊళ్లో మావోరీలు నడిపే పడవలో తిమింగలం కనపడకపోతే 80 శాతం డబ్బు తిరిగిస్తారు. అయినా అక్కడ వేట లేదు. ఎందుకంటే లైసెన్సు ఉన్న పడవలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని, చూపించకపోతే పక్కోడు చూపిస్తాడన్న భయం లేదు. గ్యారంటీ చెడ్డది కాదు, పోటీలో పడ్డ గ్యారంటీ చెడ్డది అని దిద్దుకుంటాను. మన చుట్టుపక్కల దొరికేది మాత్రం రెండో రకమే.

పడవవాళ్లను తిట్టడం తేలిక. 2004 సునామీలో పడవలు పోగొట్టుకుని, 2009లో యుద్ధం ముగిశాక వచ్చిన టూరిస్టుల మీద నిలదొక్కుకుని, 2022లో పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలో నిలబడిన దేశం అది. చేపలు పట్టేవాడు చేపల్ని వదిలి మనుషుల్ని ఎక్కించుకుంటే తప్పేముంది? పైగా అక్కడి తిమింగలాలకు అసలు గండం ఈ చిన్న పడవలు కాదు. ప్రపంచంలోనే రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి సరిగ్గా వాటి మేత ప్రాంతం మీదుగా పోతుంది. ఓడ గుద్దితే ఓడలోవాడికి తెలియను కూడా తెలియదు. ఆశా డి వోస్ అనే శ్రీలంక శాస్త్రవేత్త, ఈ తిమింగలాలు ధ్రువాల వైపు వలసపోకుండా ఏడాది పొడవునా ఈ వెచ్చటి నీళ్లలోనే ఉంటాయని చెప్పి, ఓడల దారిని దక్షిణానికి జరపమని ఏళ్ల తరబడి అడిగింది. 2022లో ఎంఎస్‌సి అనే పెద్ద ఓడల కంపెనీ తనంతట తాను తన ఓడల్ని పదిహేను నాటికల్ మైళ్లు దక్షిణంగా మళ్లించింది. అంత పెద్ద ఓడ దారి మార్చుకోగలిగితే, మన పదిమంది పడవ వంద మీటర్ల అవతల ఆగలేదా అన్నది నా మూర్ఖపు ప్రశ్న.

మూడోసారి కల్పిటియ పోయాను. వాయవ్య తీరం, తిమింగలాలు కాదు, డాల్ఫిన్లు. స్పిన్నర్ అంటారు, నీళ్లలోంచి లేచి తన చుట్టూ తానే బొంగరంలా తిరుగుతుంది, ఒక్క గెంతులో ఏడు చుట్ల దాకా. తెప్పోత్సవం చివరిరోజు లెక్కే. మేము తొమ్మిది మంది. పడవ నడిపేది అరవై దాటిన జాలరి, అరవం మాట్లాడతాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన చెప్పిందే నాకు అంతకుముందు ఎవరూ చెప్పనిది: ఇవి రాత్రంతా లోతు నీళ్లలో వేటాడతాయి, పగలు పడుకుంటాయి. పడుకోవడమంటే మనలా కాదు, గుంపుగా, నిదానంగా, గెంతులు లేకుండా ఈదుతూ. ఈ జాతి గురించి అది అందరికీ తెలిసిన సంగతేనని తర్వాత చదివాను. హవాయిలో 2021 నుంచి వీటికి 50 గజాల లోపలికి పోవడం నేరం కూడా. కారణం ఇదే, నిద్ర.

ఆయన ఇంజను ఆపేశాడు. రెండొందల గజాల అవతల గుంపు. మా గ్రూపులో కొర్లగుంట కుర్రాడొకడు "ఇంకొంచెం ముందుకు పోనీ తాతా" అన్నాడు. ముసలాయన నావైపు చూశాడు. మీరేమంటే అది అన్నట్టు. డబ్బు కట్టింది మేము కదా. అప్పుడు మాలో ఉన్న రిటైర్డు టీచరమ్మ, "రేయ్ నాయనా, రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పడుకున్నోళ్ల ఇంట్లోకి దూరి ఫోటోలు తీస్తామా? పండుకోనీ" అంది. కుర్రాడు నవ్వేశాడు. ఒక్కరు కూడా కాదనలేదు.

పదిమంది పడవకు ఇచ్చే మూడింతల డబ్బు విలువ నాకు అప్పుడు అర్థమైంది. మెత్తటి సీట్లు, కొబ్బరి నీళ్లు, వాంతులు లేకపోవడం, అవన్నీ సరే. తొమ్మిది మందైతే ఒక నిమిషంలో ఒక మాటమీదికి రాగలరు. డెబ్బై మందిలో ఎవడు గట్టిగా అరిస్తే వాడిదే మాట. చిన్న గుంపులో నడిపేవాడికి మన ముఖాలు కనపడతాయి, మనకు వాడి ముఖం కనపడుతుంది. "చాలు, వెనక్కి పోదాం, నీ బాడుగ నీకు పూర్తిగా ఇస్తాం" అన్న మాట వాడి చెవిన పడుతుంది. ఆ మాట అనే ఉద్దేశం లేకపోతే పెద్ద పడవే ఎక్కండి, డబ్బయినా మిగులుతుంది.

రాత్రి ఏకాంత సేవ అయ్యాక తలుపులు వేస్తారు. ఎంత పెద్దమనిషొచ్చినా సుప్రభాతం దాకా ఆగాల్సిందే. దేవుడికి నిద్ర అక్కర్లేదని వాదించేవాళ్లుంటారు, అయినా లాలి పాడి తలుపు వేస్తాం. నిజంగా నిద్ర కావలసిన జంతువుకు మాత్రం తలుపే లేదు. ఇంజను దగ్గరుండే మనిషే తలుపు.

ఆవేళ మేము నలభై నిమిషాలు ఊరికే తేలుతూ కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ, మురుకులు. గుంపు ఒకటి రెండుసార్లు దూరంగా జరిగింది. ఒకే ఒక్క పిల్ల, బహుశా నిద్ర రానిది, పడవ దగ్గరికొచ్చి పక్కకు ఒరిగి ఒక కంటితో మమ్మల్ని చూసింది. దాని వీపుమీద గీతలు కనపడేంత దగ్గర. ఎవరి ఫోనూ సమయానికి బయటికి రాలేదు. తర్వాత వెళ్లిపోయింది. అంతే.

ఇవన్నీ చెబితే మా బావమరిది, ఆఫీసులో సగం వాటాదారు, "బావా, నువ్వు టికెట్లమ్ముతున్నావా, హరికథ చెప్తున్నావా?" అంటాడు. వాడి బాధా న్యాయమే. పక్క షాపువాడు నీళ్లలోంచి ఎగిరే తిమింగలం ఫ్లెక్సీ కట్టి, కింద ఎర్రక్షరాల్లో "100% గ్యారంటీ" అని వేశాడు. ఆ బొమ్మలోది వేరే జాతి, నీలి తిమింగలం అట్లా ఎగరదు. చెప్పబోతే, "అన్నా, పార్టీకి తెలుస్తాదా?" అన్నాడు.

నేను మాత్రం బుకింగ్ కాగితంలో మూడు వాక్యాలు చేర్చాను. కనపడకపోవచ్చు, డబ్బు తిరిగి రాదు. ఇప్పటికే మూడు పడవలుంటే మన పడవ దూరంగా ఆగుతుంది. వెనక్కి పోదామన్న మాట ఎక్కువమందిదయితే వెనక్కి వస్తాం. డీటీపీ కుర్రాడు అది చూసి, "ఇది చదివి ఎవరు కడతారు సార్?" అని అడిగాడు. అక్షరాలు చిన్నవి చెయ్యమంటారా అని కూడా. వద్దన్నాను.

మొన్న గురువారం చిత్తూరు ఆసామి మళ్లీ ఫోను చేశాడు. కాగితం వాట్సాప్‌లో చూశాడట. వాపసు మాట ఎత్తలేదు. "ఫిబ్రవరికి వెయ్యన్నా. కానీ మేం పదకొండు మందిమి. ఒకర్ని ఎట్టోకట్ల సర్దుతావా?"

పది సీట్లే అన్నాను. ఆగే మనిషెవరో వాళ్లింట్లో ఇంకా తేలలేదు. నిన్న రాత్రికి వాళ్ల రెండో అల్లుడి పేరు నడుస్తోంది.